ఓటికుండలో పోసిన చలువ

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పిన మాటలో అతిశయోక్తి యెంత గలదో, నూజివీడు మామిడితోటలనుండి హైదరాబాదు శివారున నున్న బాటసింగారము పండ్ల మార్కెట్టునకు సరకు దింపి, పట్టపగలు తిరిగివచ్చిన పికప్పు డ్రైవరు నడిగిన తెలియును. ముందునుండి ఇంజను వేడిమి, పైనుండి రేకు వేడిమి, ప్రక్క కిటికీనుండి ముఖమున గొట్టు వడగాలి, ఈ మూడింటి నడుమ ఆరేడు గంటలు కూర్చుండి, రెప్ప వాల్చక దారి చూడవలసిన మనుష్యునకు చల్లనిగాలి బ్రేకువలెను, లైటువలెను బండి క్షేమమునకు చేరిన సాధనమే యని నేను దృఢముగా నమ్ముచున్నాను. ఆ సాధనము పాతబండ్లలో ఎట్లు చెడుచున్నదో, చెడినదానిని బాగుచేయకయే బాగుచేసితిమని మనము ఎట్లు తృప్తిపడుచున్నామో, అందువలన యజమానికి, డ్రైవరునకు, తుదకు ఆకాశమునకును ఎంత హాని కలుగుచున్నదో మూడు వేసవులు స్వయముగా అనుభవించి తెలిసికొంటిని గనుక, ఆ విషయమును పదిమంది యెదుట పెట్టుట నా ధర్మమని తలంచుచున్నాను.

నేను బడిపంతులు ఉద్యోగము చేసి విరమించినవాడను. పిత్రార్జితమైన మామిడితోట కొంత కలదు. దానితోపాటు పదునాలుగేండ్ల వయసుగల పికప్పు బండియు కలదు. ముందు రెండు వరుసల సీట్లు, వెనుక తొట్టి గల ఆ బండి వేసవిలో బంగినపల్లి, రసాల ట్రేలను, వానకాలమున ఎరువుబస్తాలను, ఏడాది పొడవున మోటార్లను, పైపులను మోయుచు, అవసరము వచ్చినపుడు ఇంటివారిని విజయవాడ ఆసుపత్రికి జేర్చుచు మా కుటుంబములో ఒక మనిషివలె మసలుచున్నది. తొమ్మిది, పది సంవత్సరములు దాని ఏసీకి ఏ లోపమును లేకుండెను. అటుపిమ్మట ఒక మార్చి నెలలో మీట నొక్కిన గాలి వచ్చెనేగాని అందులో చల్లదనము లేకపోయెను. మా డ్రైవరు తడిగుడ్డ మెడకు జుట్టుకొని, ఇంటికి వచ్చుసరికి చొక్కా వీపునకు అంటుకొనిపోయి, ఆరిన చెమట ఉప్పుచారలై కనబడుచుండ నా యెదుట నిలిచెను. నేను వెంటనే బండిని దగ్గరనున్న ఏసీ షాపునకు బంపితిని.

“గ్యాసు అయిపోయింది మాస్టారూ, పట్టిస్తే మళ్లీ ఐసులా కొడుతుంది” అని ఆ షాపువాడు చెప్పెను. అరగంటలో పని ముగిసినది. పదునెనిమిది వందల రూపాయలు పుచ్చుకొనెను. బండి నిజముగానే చల్లబడెను. రెండు మాసములు గడవకుండగనే మరల మొదటికి వచ్చెను. మరల ఆ మాటయే, మరల ఆ సొమ్మే. ఈ విధముగా మూడు వేసవులలో ఐదుమారులు, రెండు మూడు షాపులలో గ్యాసు పట్టించితిని. గ్యాసు ఎక్కడికి పోవుచున్నదని అడిగినవాడు ఆ షాపులలో ఒక్కడును లేడు; అడుగవలెనని నాకును తోచలేదు.

“గ్యాసు అయిపోయింది” అను మాటలోనే దోషమంతయు నిమిడియున్నది. డీజిలు మండి అయిపోవును. బ్రేకు లైనింగు అరిగి అయిపోవును. ఏసీలోని గ్యాసు మండదు, అరుగదు. మూతవేసిన దారిలో అది నిరంతరము తిరుగుచుండును. కంప్రెసరు దానిని ఒత్తి వేడెక్కించి రేడియేటరు ముందునున్న కండెన్సరునకు బంపును. అచ్చట బయటి గాలికి తన వేడిమిని వదలి అది ద్రవమగును. డ్రయ్యరులో తేమను విడిచి, ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని రంధ్రముగుండ దూరి, ఒక్కసారిగా ఒత్తిడి తగ్గుటచే డ్యాష్‌బోర్డు లోపలనున్న కూలింగు కాయిలులో మరిగి ఆవిరి యగుచు, మన చుట్టునున్న గాలిలోని వేడిమిని త్రాగివేయును. మన కార్లలోను, పికప్పులలోను చాలకాలముగా వాడుకలోనున్న ఆర్-134ఏ అను గ్యాసు, సాధారణమైన వాతావరణపు ఒత్తిడిలో సున్నకు దిగువ 26 డిగ్రీలకే మరుగును గనుక ఈ పని చేయగలుగుచున్నది. రబ్బరు గొట్టముల గోడలగుండ ఏటేట కొన్ని గ్రాములు తరుగుట సహజమే యైనను, ఒక వేసవి నడుమనే గ్యాసు అడుగంటినదన్న ఎక్కడనో చిల్లి యున్నదని యర్థము. చిల్లిని మూయక గ్యాసు నింపుట ఓటికుండలో నీరు పోయుటకంటె వేరుగాదు.

పాతబండికి చిల్లి పడుటకు తావులు అనేకములు. కంప్రెసరు ఇరుసు వద్ద ఒక సీలుండును. ఏసీ నెలల తరబడి వేయకున్న దానిపై నూనెపొర యారి, సీలు బిరుసెక్కి, వేసవి రాగానే గ్యాసును వదలిపెట్టును. కావుననే చలికాలములోను వారమునకొకసారి పది నిమిషములు ఏసీ వేయుట మంచిదని తెలిసిన మెకానిక్కులు చెప్పుదురు. గొట్టముల కీళ్లలోని ఓరింగులు ఇంజను వేడిమికి గట్టిపడి, పగుళ్లు బారును. కండెన్సరు బండికి ముందు నిలిచి రాళ్లదెబ్బలు తినును. సముద్రతీరమున రొయ్యలు మోయు బండ్లకు ఉప్పుగాలివలన అల్యూమినియము తినివేయబడును. ఇంజను కంపమునకు గొట్టమేదైన ఒక బ్రాకెట్టును ఒరసికొని సన్నగా అరుగుటయు కలదు. గ్యాసు నింపు మూతిలోనున్న చిన్న వాల్వు వదులైన, ఆ దారినే కొంచెము కొంచెముగా జారిపోవును. ఇవన్నియు బానెట్టు ఎత్తిన కనబడు తావులు. పైగా గ్యాసుతోపాటు కంప్రెసరు నూనెయు బయటికి వచ్చును గనుక, చిల్లి యున్న తావున దుమ్ము అంటుకొని నల్లని జిడ్డుమరక యేర్పడును. చూచు కన్నులున్నవానికి ఆ మరకయే సాక్ష్యము.

కనబడని తావు ఒక్కటి కలదు. నా బండి రోగము అచ్చటనే దాగియుండెను.

మూడవ వేసవి చివర, విసిగి వేసారి, ఒక బంధువు సలహాపై బండిని విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు దీసికొని పోతిని. ఆయన గేజీలు తగిలించి చూచెను. గ్యాసు కొంత మిగిలియున్నది గాని పని చేయుటకు చాలదని చెప్పెను. నేను అలవాటుచొప్పున “అయితే పట్టించండి” అంటిని. “ఎక్కడ కారుతోందో చూడకుండా నేను పట్టించను మాస్టారూ, ఇవాళ బండి ఇక్కడే వదిలెయ్యండి” అని ఆయన బదులు చెప్పెను. ఐదుమారులలో నేను విననట్టి మాట యది. ఆయన కండెన్సరును, గొట్టములను, ప్రతి కీలును టార్చిలైటుతో పరికించెను. కంప్రెసరు అడుగున వ్రేలు పెట్టి రాచి చూచెను. ఎక్కడను జిడ్డు లేదు. అప్పుడు చేతిలో పట్టు చిన్న లీకు డిటెక్టరును దీసికొని, బండి క్రిందికి దూరి, కూలింగు కాయిలునుండి నీరు బయటికి పోవు రబ్బరుగొట్టము మూతి వద్ద దాని కొనను నిలిపెను. ఆ యంత్రము కీచుమని అరచెను. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. కాయిలులోని చిల్లినుండి జారి, అడుగున జేరి, నీటిదారినే వెతకికొని బయటికి వచ్చుచున్నదన్నమాట. మరుచటి దినమున మిగిలిన గ్యాసును దీసివేసి, కాయిలును విడిగా మూసి, పొడి నైట్రోజనుతో ఒత్తిడి యెక్కించి, గేజీముల్లు గంటలోపల దిగిపోవుటను నాకు జూపెను. డ్యాష్‌బోర్డు విప్పి బయటికి దీసిన ఆ కాయిలు రెక్కలనిండ తోటలోని సన్నదుమ్ము, ఆకుపొడి, తడి కలిసి పేడవలె పట్టియుండెను. దాని క్రింద అల్యూమినియము పుండువడినట్లు తెల్లగా తినివేయబడియుండెను. సబ్బునురుగు పూయగా ఆ పుండునుండి సూదిమొన పరిమాణముగల బుడగలు ఒకటి వెనుక ఒకటి లేచెను.

ఇచ్చట ఒక మాట చెప్పుట యవసరము. ఆ రబ్బరుగొట్టమునుండి నీటిబొట్లు పడుట చూచి, ఏసీ లీకగుచున్నదని కంగారుపడు యజమానులు పెక్కుమంది కలరు. నేనును ఒకప్పుడు అట్లే భయపడితిని. గాలిలోని తేమ చల్లని కాయిలుపై బొట్లుగా గట్టి, ఆ దారిని నేల జేరుట ఆరోగ్యలక్షణము. బొట్లు పడకపోవుటయే యనుమానింపదగినది. గొట్టము మూసికొనిపోయిన ఆ నీరు లోపలికే పొరలి, ప్రక్కసీటువాని కాళ్లక్రింద చాపను తడిపి, కుళ్లువాసన బుట్టించును. కాయిలు ఎల్లవేళల తడిలో నానుటచే మరింత శీఘ్రముగ చెడును. సన్నని గాలిపంపుతోనో, తీగతోనో ఆ గొట్టమును ఏడాదికొకసారి శుభ్రపరచుటకు పది నిమిషములు చాలును. నా బండికి ఆ పది నిమిషముల శుశ్రూష పదేండ్లలో ఒక్కసారియైనను జరుగలేదు.

క్రొత్త కాయిలు, క్రొత్త ఓరింగులు, క్రొత్త డ్రయ్యరు వేసిన పిమ్మట ఆయన తొందరపడక ముప్పాతిక గంటసేపు వ్యాక్యూము పెట్టి ఉంచెను. గాలి యంతయు లాగివేసిన చోట నీరు మామూలు వేడిమిలోనే మరిగి ఆవిరియై బయటికి పోవును. ఈ పని చేయనిచో మిగిలిన తేమ నూనెతో, గ్యాసుతో గలిసి ఆమ్లమై లోహమును లోపలినుండి తినును, లేదా వాల్వు మూతి వద్ద మంచుగా గట్టి దారి నడ్డగించును. పంపు ఆపి, ముల్లు నిలిచియున్నదో లేదో మరికొంతసేపు చూచెను. అటుపిమ్మట సిలిండరును త్రాసుపై నిలిపి, బానెట్టు లోపల అంటించిన చీటిపై కంపెనీవారు వ్రాసిన 650 గ్రాములను తూచి నింపెను. పైపు చేతికి చల్లగా తగులువరకు నింపుట మనవద్ద అలవాటు. తక్కువైన చల్లబడదు, ఎక్కువైన ఒత్తిడి పెరిగి కంప్రెసరునకు చేటు. మొత్తము ఖర్చు పదకొండువేల ఐదువందల రూపాయలైనది. ఐదుమారులు గాలిలో గలిపిన గ్యాసునకు నేను అంతకుమునుపు చెల్లించినది తొమ్మిదివేలు.

మొదటి షాపులవారిని దొంగలని నిందించుటకు నా మనస్సొప్పదు. రోజుకూలికి మామిడికాయ మోయు బండి యొక దినము షాపులో నిలిచిన యజమానికి కిరాయి పోవును. “ఇప్పటికి పని నడిపించు” అని తొందరపెట్టువారము మనమే. డ్యాష్‌బోర్డు విప్పుట అరదినపు పని; విప్పి చిల్లి కనబడకున్న ఆ కూలి యెవరిచ్చెదరు? మిగిలిన గ్యాసును గాలిలోనికి వదలక పట్టి సిలిండరులో నిలువజేయు రికవరీ యంత్రము కొనుటకు చిన్నషాపువానికి తాహతు చాలదు. దాని వాడుకను నేర్పినవారును లేరు. కావున వాల్వు ముల్లును నొక్కి, సుయ్యిమను చప్పుడుతో మిగిలినదంతయు వదలివేసి, క్రొత్తది నింపుట పరిపాటియైనది. ఆ చప్పుడు ఎంత ఖరీదైనదో తెలిసిన, దానిని వినుచు ఊరకుండుట సాధ్యము గాదు.

పూర్వము కార్లలో ఆర్-12 అను గ్యాసును వాడుచుండిరి. అట్టి క్లోరినుగల వాయువులు పైకి పోయి ఓజోను పొరను తినివేయునని 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. అట్టి వాయువులను మాన్పించుటకై 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరెను. ఆర్-12 పోయి దాని స్థానమున ఆర్-134ఏ వచ్చెను. ఇది ఓజోనును చెరుపదు గాని, భూతాపమును పెంచుటలో బొగ్గుపులుసు వాయువుకంటె ఎన్నో రెట్లు బలమైనది. అంతర్జాతీయ లెక్కలలో దానికి వేసిన విలువ 1430 రెట్లు. నా బండి పట్టు 650 గ్రాములు గాలిలో గలిసిన, అది సుమారు 930 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. అనగా దాదాపు 345 లీటర్ల డీజిలు కాల్చినట్లు. లీటరునకు పది కిలోమీటర్లు నడచు పికప్పు విజయవాడనుండి ఢిల్లీకి పోయి తిరిగివచ్చుటకు ఇంచుమించు అంత డీజిలు పట్టును. ఐదుమారులలో ఒక్కొక్కమారు సగము గ్యాసే పోయినదనుకొన్నను, బండి కదలకయే ఎనిమిదివందల లీటర్లకు మించిన డీజిలును నేను కాల్చినవాడనైతిని. ఈ లెక్క వేసికొన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అంతకంటె అపాయకరమైన పద్ధతులు రెండు గలవు. మొదటిది, చిల్లిని తనంతట పూడ్చునని చెప్పి ఒక ద్రవమును ఏసీలో పోయుట. అది తేమ తగిలిన చోట గట్టిపడును. ఎక్స్‌పాన్షన్ వాల్వులోనే గట్టిపడిన మొత్తము యంత్రము చెడును. రెండవది, చవుకగా దొరకునని కల్తీగ్యాసు నింపుట. కొన్ని కల్తీలలో వంటగ్యాసు జాతికి చెందిన మండు వాయువు లుండును. కాయిలుకు చిల్లి యున్న బండిలో అట్టి వాయువు చేరునది మనుష్యులు కూర్చున్న క్యాబిను లోపలికే. 2011లో నకిలీ గ్యాసు నింపిన ఓడ కంటైనర్ల శీతలయంత్రములు పేలి వియత్నాం, బ్రెజిల్ దేశములలో పనివారు ప్రాణములు గోల్పోయిరి. తెలిసిన సిలిండరునుండి, మూత మన యెదుట విప్పించి, తూచి నింపించుకొనుట చాదస్తము గాదు.

ఐరోపావారు 2006లో చేసికొన్న శాసనమున ఒక చక్కని నియమము గలదు: బండి ఏసీనుండి అసాధారణముగ గ్యాసు పోయినదని తెలిసినపుడు, చిల్లిని బాగుచేయు పని పూర్తియగువరకు మెకానిక్కు ఆ జాతి గ్యాసును నింపరాదు. ఆటోనగరులోని వృద్ధుడు తన మనస్సాక్షిచే పాటించుచున్న నియమమే అది. మన దేశమును 2021లో మాంట్రియల్ ఒడంబడికకు జేర్చిన కిగాలీ సవరణకు సమ్మతి దెలిపి, 2032నుండి ఇట్టి వాయువుల వాడకమును మెట్లు మెట్లుగా తగ్గించి, 2047 నాటికి 85 శాతము కోతకు జేర్చెదమని మాట యిచ్చియున్నది. 2019లో ప్రకటించిన శీతలీకరణ కార్యప్రణాళికలో లక్షమంది మెకానిక్కులకు శిక్షణ నిచ్చి ధ్రువపత్రము లొసగవలెనని వ్రాసికొన్నాము. వ్రాసికొన్న సంకల్పము ఊరి చివర ఏసీ షాపువాని చేతికి జేరవలెను. క్రొత్తబండ్లలో క్రొత్త గ్యాసులు వచ్చినను, నేడు రోడ్లపై తిరుగు పాతబండ్లు ఇంకను పదేండ్లు ఆర్-134ఏ తోనే నడచును. కావున బొట్లు బొట్లుగా కారిపోవు దానిని ఆపు పని ఆ షాపులోనే జరుగవలయును. చిల్లి పరీక్ష చేయక గ్యాసు నింపరాదను నియమము మనకును కావలయును. ప్రతి ఆటోనగరునందును పదిమంది చిన్నషాపులవారు కలిసి వాడుకొనునట్లు రికవరీ యంత్రము లుంచవలయును. బిల్లుపై ఎన్ని గ్రాములు దీసిరి, ఎన్ని నింపిరి, చిల్లి యెచ్చట నుండెను అను మూడు మాటలు తప్పక వ్రాయింపవలయును.

క్యాబినులో చల్లదనము కార్మికుని హక్కని మన ప్రభుత్వమును ఇప్పటికే అంగీకరించినది. 2025 అక్టోబరు 1నుండి తయారగు లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరియని ఉత్తరువు చేసినది; ఎంతయో ప్రశంసింపదగిన పని. అయితే ఆ ఉత్తరువు మూడున్నర టన్నులకు మించిన బండ్లకే వర్తించును. కూరగాయలు, పాలు, చేపలు, మామిడికాయలు మోయు చిన్న పికప్పులు దానికి వెలుపలనే నిలిచిపోయినవి. పెద్దలారీ డ్రైవరుకు తగులు ఎండయే చిన్నబండి డ్రైవరుకును తగులుచున్నది. ఇరుకైన క్యాబినులో మరికొంత ఎక్కువగానే తగులుచున్నది. ఆ నియమమును చిన్న సరకుబండ్లకును విస్తరింపవలెనని నేను కోరుచున్నాను. విస్తరించినను, లీకులను వెదకుట నేర్చిన చేతులు లేనిచో, ఈనాటి క్రొత్త ఏసీలన్నియు పదేండ్లకు నా బండివలెనే ఆకాశమునకు చిల్లులై నిలుచును.

నా బండి బాగుపడి రెండు వేసవులు గడచినవి. ఆ వృద్ధుడు ఒక అట్టముక్కపై తేదీని, 650 గ్రాములను, ‘కూలింగ్ కాయిల్ కొత్తది’ అను మాటను వ్రాసి, డ్రైవరు తలపైనుండు ఎండతెరకు రబ్బరుబ్యాండుతో కట్టియిచ్చెను. తరువాత ఆ అట్టపై మరియొక పంక్తి చేర్చవలసిన పని కలుగలేదు. మొన్న మే నెల చివరిలో మధ్యాహ్నము మూడుగంటల వేళ బండి బాటసింగారమునుండి తిరిగివచ్చి మా వేపచెట్టు నీడను నిలిచెను. ఇంజను ఆపిన పిదపను క్రిందిగొట్టమునుండి నీటిబొట్లు పడి మట్టి నల్లబడుచుండెను. డ్రైవరు తలుపు తీసికొని దిగి, మార్కెట్టు చీటీలు నా చేతికిచ్చి, ట్రేలు దింపుటకు వెనుకకు నడచెను. నేను అతని వీపువైపు చూచితిని. చొక్కా పొడిగా నుండెను.